సొంత టూర్ వ్యాపారం – 4వ పాఠం: తెగువకు లెక్క

పోయిన అభ్యాసంలో తెగువ, చొరవ, కొత్తదనం మూడింటికీ మీకు మీరే ఐదుకి మార్కులు వేసుకోమంటే, తెగువ దగ్గర దాదాపు అందరూ నాలుగో ఐదో వేసుకున్నారు. అదే కాగితంలో కింద బెంగళూరు–లేపాక్షి ఒకరోజు టూర్ లెక్కలో మాత్రం పన్నెండు సీట్ల బండి ఖర్చును పన్నెండుతో భాగించారు. సీట్లన్నీ నిండుతాయని మీకెవరు చెప్పారు? అందుకే ప్రచారం పాఠం వచ్చేవారానికి జరుపుతున్నాను.

అదే లెక్క మళ్లీ. రానూపోనూ 240 కిలోమీటర్లు సరే. కానీ బండి మీటరు యజమాని షెడ్డులో మొదలై షెడ్డులోనే ఆగుతుంది, ఇంకో 30 కలపండి. కిలోమీటరుకు 24 రూపాయల చొప్పున 6,480. డ్రైవర్ బాటా 500. టోల్, పార్కింగ్, పర్మిట్ 1,320 అనుకుందాం. మొత్తం 8,300. ఒక్కరొచ్చినా ఇది తప్పదు. టిఫిన్, భోజనం మనిషికి 250 వేరు.

పన్నెండుతో భాగించి, తిండి కలిపితే 942. దాన్ని 999కి అమ్మారు. తిండి పోగా సీటుకి మిగిలేది 749. పదకొండు మంది వస్తే 8,239, అంటే 61 నష్టం. ఒక్కరికి జ్వరమొస్తే చాలు, ఆదివారమంతా ఊరికే తిరిగినట్టు. ఎనిమిది మందే వస్తే 2,308 చేతి నుంచి పోతుంది. ఇప్పుడు ఎనిమిదితో భాగించండి: 1,299 ధర. ఎనిమిది మందికి 92 మిగులు, పన్నెండు మందికి 4,288. ఏడుగురైతే 957 నష్టం, అది తట్టుకోగలిగినదే. నలుగురితో భాగిస్తే ధర 2,325, అంత పెట్టి ఎవరూ రారు. ఏ బండికైనా నేను మూడింట రెండొంతుల సీట్లతోనే భాగిస్తాను.

1964లో కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లో శిక్షణ ఇప్పించిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్, మేకుకి రింగులు విసిరే ఆటలో చూసింది ఇదే. సాధించాలన్న పట్టుదల ఉన్నవాళ్లు మేకుకి మరీ దగ్గరా మరీ దూరమూ కాకుండా నడిమి దూరంలో నిలబడి విసిరారు. మన బండిలో ఆ నడిమి దూరం ఎనిమిదో సీటు.

ఆదివారం టూర్‌కి గురువారం సాయంత్రం ఆరు గడువు. 'తప్పకుండా వస్తాం అన్నా' అన్నవాళ్లు లెక్కలోకి రారు, డబ్బు కట్టినవాళ్లే వస్తారు. ఎనిమిది కాకపోతే చిన్న బండికి మారండి, లేదా టూర్ ఆపి డబ్బు తిరిగిచ్చేయండి.

చొరవ సంగతి తేలిక: బండికి వేరే రాష్ట్రంలోకి వెళ్లనిచ్చే ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా అని అడ్వాన్స్ ఇవ్వకముందే అడగడం. ఆంధ్రా సరిహద్దులో కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర అడిగితే లాభం లేదు. కొత్తదనమా? వేలాడే స్తంభం కింద గుడ్డ లాగడం అందరూ చూపిస్తారు. నాట్యమండపం కప్పు మీది బొమ్మలకు అరగంట కేటాయించండి.

అభ్యాసం: ముగ్గురు బండి యజమానుల దగ్గర షెడ్డు నుంచి షెడ్డుకి రేటు రాయించుకోండి. ఒక్కోదానికి 7, 8, 10, 12 మందికి మిగులు కట్టండి. తెగువ మార్కు ఆ తర్వాత మళ్లీ వేసుకుని, రెండు కాగితాలూ పంపండి.