పర్వతారోహణ స్వయంబోధిని – నాలుగవ పాఠం: జట్టు నడక

గత పాఠంలో సామాను సర్దుకోవడం, బరువు పంచుకోవడం నేర్చుకున్నాం. ఇప్పుడు జట్టుగా నడవడం నేర్చుకుందాం. అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగమే జట్టు వేగం కావాలన్నది ఇందులో మూలసూత్రం. చాలామంది దీనిని బలహీనులపై చూపే దయగా భావిస్తారు కాని, నా దృష్టిలో ఇది కొండను కాపాడే నైపుణ్యం కూడా. జట్టు చీలిపోయినప్పుడు వెనుకబడినవారు ముందున్నవారిని అందుకోవాలన్న ఆత్రంతో మలుపుల బాటను విడిచి అడ్డంగా ఎక్కుతారు. అలా తొక్కిన చోట గడ్డి చచ్చిపోయి, వాననీరు ఆ జాడ వెంటే పారుతూ మట్టిని కోసుకుపోతుంది. ఎత్తైన ప్రాంతాలలో మొక్కలు పెరిగే కాలం చాలా తక్కువ కనుక ఆ గాయం మానడానికి ఏళ్లకు ఏళ్లు పడుతుంది.

అందుచేత నెమ్మదిగా నడిచేవారిని నాయకుని వెనుకనే, అంటే వరుసలో రెండవ స్థానంలో నడిపించండి. అనుభవం ఉన్న మరొకరు అందరికంటే చివర నడవాలి. ఆయాసపడకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఆ వేగం సరైనదే. విశ్రాంతి సమయాన్ని చివరి మనిషి చేరుకున్న క్షణం నుంచి లెక్కించండి. లేకపోతే ఎక్కువ అలసినవారికే తక్కువ విశ్రాంతి దక్కుతుంది.

చూపు లేనివారు జట్టులో ఉంటే ముందు నడిచేవారి సంచికి చిన్న గంట కట్టి, మెట్టు, గుంత, రాయి వంటివాటిని క్లుప్తమైన మాటలతో చెప్పాలి. 2001లో ఎవరెస్టును అధిరోహించిన అంధ పర్వతారోహకుడు ఎరిక్ వైహన్‌మేయర్ తన ముందు నడిచేవారి గంట చప్పుడును అనుసరించేవారు. ఏ సహాయం కావాలో, ఏది అక్కరలేదో ముందుగా వారినే అడగండి.

ఇక ఎవరూ నోరు విప్పి మాట్లాడని విషయానికి వద్దాం. మలమూత్ర విసర్జనకు చాటు దొరకదన్న భయంతో నీళ్లు తాగడం తగ్గించే మహిళలు ఎందరో ఉన్నారు. ఎత్తులో ఒంట్లో నీరు తగ్గడం ప్రమాదకరం. కాబట్టి ఎక్కడ ఆగుతామో, చాటు ఎలా కల్పిస్తామో నాయకుడు బయలుదేరే ముందే అందరి ఎదుటా చెప్పాలి. మట్టి ఉన్న చోట నీటికీ, బాటకూ, గుడారాలకూ కనీసం 60 మీటర్ల దూరంలో 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వి, పని ముగిశాక పూడ్చాలి. మంచు మీదా రాతి మీదా ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే చలిలో మలం కుళ్లదు. దానిని ప్రత్యేకమైన సంచిలో మూసి కిందికి మోసుకురావాలి. వాడిన శానిటరీ ప్యాడ్లను, కాగితాన్ని ఎక్కడైనా సరే పూడ్చకుండా వెనక్కి తేవాలి. కొత్త ప్యాడ్లు ప్రథమచికిత్స పెట్టెలో అందరికీ అందుబాటులో ఉండాలి. 1975లో ఎవరెస్టును ఎక్కిన తొలి మహిళ జుంకో తాబే, తరువాతి కాలంలో ఆ పర్వతంపై పేరుకుపోయిన వ్యర్థాలనే తన విశ్వవిద్యాలయ పరిశోధనకు విషయంగా ఎంచుకున్నారు.

3,000 మీటర్లు దాటాక రాత్రి బస చేసే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకండి. మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో మరో రాత్రి గడపండి. ఎత్తుకు శరీరం అలవాటు పడే తీరుకూ దేహదారుఢ్యానికీ పొంతన ఉండదు కనుక, నిన్న ముందు నడిచినవారే నేడు రెండవ స్థానంలోకి రావలసి రావచ్చు. తలనొప్పిని దాచిపెట్టకుండా చెప్పుకోగలిగే వాతావరణం జట్టులో ఉండాలి.

అభ్యాసం: నలుగురైదుగురు కలిసి ఒక చిన్న గుట్ట ఎక్కండి. ప్రతి మజిలీలో చివరగా ఎవరు చేరారో, వారికి ఎన్ని నిమిషాల విశ్రాంతి దొరికిందో రాసుకోండి. మరునాడు వారిని రెండవ స్థానంలో ఉంచి అదే బాటలో మళ్లీ నడిచి, రెండు రోజుల లెక్కలనూ పోల్చి చూడండి. ఆ కాగితాన్ని దగ్గర ఉంచుకోండి. తాడు కట్టుకుని నడిచే వరుసను నిర్ణయించడానికి వచ్చే పాఠంలో అది అవసరమవుతుంది.