కంప్యూటర్ గేమ్ కొనే ముందు దాని తాళాన్ని చూసుకోవడం ఎలా?

కాపీలను అడ్డుకోవడానికి గేమ్‌కు వేసే తాళం, అంటే డీఆర్‌ఎం, చాలాసార్లు డబ్బు చెల్లించిన వారినే ఇబ్బంది పెడుతుంది. దొంగ కాపీలో ఆ తాళాన్ని ముందే తీసేసి ఉంటారు. 2013లో సిమ్‌సిటీ అనే గేమ్ విడుదలైనప్పుడు, ఒంటరిగా ఆడుకునేవారికి సైతం సర్వర్‌తో సంబంధం తప్పనిసరి చేయడంతో, ఆ సర్వర్లు రద్దీని తట్టుకోలేక, కొన్నవారు తమ గేమ్‌లోకి తామే వెళ్లలేకపోయారు. ఇది అన్యాయం.

అందువల్ల గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణమైన స్టీమ్‌లో కొనేటప్పుడు గేమ్ పేజీలో కుడివైపున ఉండే చిన్న పెట్టెను తప్పక చదవండి. డెనువో వంటి బయటి డీఆర్‌ఎం ఉంటే దాని పేరు, కొన్ని గేములకైతే ఒక్క రోజులో ఐదు కంప్యూటర్లకు మించి యాక్టివేట్ చేయరాదన్న పరిమితి కూడా అక్కడే కనిపిస్తాయి. కొన్న తరువాత గేమ్‌ను ఒకసారి తెరిచి మూసి, స్టీమ్‌ను ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి, ఇంటర్నెట్ ఆపేసి మళ్లీ తెరవండి. తెరుచుకోకపోతే, కొని 14 రోజులు దాటకుండా, ఆడిన సమయం రెండు గంటల లోపే ఉంటే, డబ్బు వాపసు అడగవచ్చు.

అదే గేమ్, డీఆర్‌ఎం లేకుండా గేములు అమ్మే జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణంలో దొరికితే అక్కడే కొనడం మేలని నా అభిప్రాయం. తాళం లేని ఇన్‌స్టాలర్‌ను దింపుకొని వేరే హార్డ్ డిస్క్‌లో భద్రపరచుకోండి. సేఫ్‌డిస్క్ తాళం ఉన్న పాత సీడీలను విండోస్ 10 అంగీకరించదు కనుక, వాటికీ ఇదే దారి.