కెర్నల్ బూట్ కోడ్‌లో అఫినిటీ మార్చే ముందు జాగ్రత్తలు

అక్టోబరు దగ్గర పడితే విశాఖలో రిస్కున్న రీబూట్లన్నీ ముందే ముగించుకోవడం మాకు అలవాటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను కబురు వచ్చాక కొత్త కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల ప్రోగ్రామ్) ఎక్కించే సాహసం చేయకండి.

అఫినిటీ అంటే ఏ ప్రాసెస్ ప్రాసెసర్‌లోని ఏ కోర్ల మీద నడవొచ్చో చెప్పే జాబితా. లినక్స్ మొదలైనప్పుడు మెలకువగా ఉండేది ఒక్క బూట్ కోరే. ఇంట్లో అందరికంటే ముందు లేచిన మనిషే పొయ్యి వెలిగించినట్టు, చాలా పని అదే చేస్తుంది. ఒకటో నంబరు ప్రాసెస్ ఇనిట్‌ని కెర్నల్ ఆ కోర్‌కే కట్టేస్తుంది, పనుల్ని కోర్లకు పంచే షెడ్యూలర్ సిద్ధం కాకుండా టాస్కుల్ని కోర్ మార్చడం సరిగా కుదరదు కాబట్టి. ఎస్ఎంపీ_ఇనిట్ అనే ఫంక్షన్ మిగతా కోర్లను లేపాక, షెడ్_ఇనిట్_ఎస్ఎంపీ వచ్చి ఆ కట్టు విప్పుతుంది.

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. మిగతా కోర్లు లేవకముందే నడిచే ఎర్లీ_ఇనిట్‌కాల్‌ దశలో ఒక చిన్న పనిని 2వ కోర్ వర్క్‌క్యూలో (పనుల వరుసలో) పెట్టి, అది పూర్తయ్యేదాకా ఆగమని రాశాను. అప్పటికి 2వ కోర్ లేవలేదు, ఆ క్యూలో పని అందుకునే వర్కర్ లేడు. పని అవ్వాలంటే కోర్ లేవాలి, కోర్‌ని లేపాల్సిన ఇనిట్ ఏమో నా పని కోసం కూర్చుంది! స్క్రీన్ మీద ఒక్క ఎర్రర్ లేదు, కర్సర్ మాత్రం కొట్టుకుంటోంది. మెషీన్ మధురవాడలో, నేను గాజువాకలో. ఆ బస్సు ప్రయాణం గుర్తొస్తే ఇప్పటికీ నీరసమే. కోడ్‌ని డివైస్_ఇనిట్‌కాల్‌కి జరిపితే సరిపోయింది, అప్పటికి కోర్లన్నీ లేచి ఉంటాయి.

అందుకే దూరంగా ఉన్న మెషీనైతే బూట్ సందేశాల్ని దూరం నుంచే చూసేందుకు ముందు సీరియల్ కన్సోల్ పెట్టుకోండి. పాత కెర్నల్‌ని డీఫాల్ట్‌గా ఉంచి, బూట్‌లోడర్ కమాండ్ గ్రబ్-రీబూట్‌తో కొత్తదాన్ని ఒక్కసారికే ఎంచుకోండి. అది ఆగిపోతే కరెంటు తీసి పెట్టగానే పాతది లేస్తుంది. బూట్ ఆప్షన్లలో ప్యానిక్=30 పెట్టాం కదా అని ధీమా వద్దు. కెర్నల్ ప్యానిక్ అయితేనే (తేరుకోలేని లోపం దొరికి తనే ఆగితేనే) అది రీబూట్ చేస్తుంది, నాకు జరిగినట్టు ఊరికే వేలాడితే కాదు.

అనుమానముంటే మ్యాక్స్‌సీపీయూస్=1తో, అంటే ఒక్క కోర్‌తోనే, బూట్ చేసి చూడండి. అలా లేచి, మామూలుగా లేవకపోతే ముందు మిగతా కోర్లు లేచే దగ్గర వెతకండి.

లేచాక ప్రాసెస్‌ల వివరాలు చూపే ప్రోక్ ఫోల్డర్‌లో ఒకటో ప్రాసెస్ స్టేటస్ చూసి, ఏ కోర్లు అనుమతిలో ఉన్నాయో సరిచూసుకోండి. పిల్ల ప్రాసెస్‌లకు వచ్చేది ఆ జాబితాయే. మామూలు పనులకు దూరంగా ఉంచమని ఐసోల్‌సీపీయూస్ బూట్ ఆప్షన్‌లో ఇచ్చిన కోర్లు అందులో కనబడకపోతే టెన్షన్ పడకండి, అడిగింది మీరే. అఫినిటీ మార్చే టాస్క్‌సెట్ కమాండ్‌లో 3 అనేది కోర్ నంబరు కాదు, బిట్ మాస్క్, అంటే 0, 1 కోర్లు. 3వ కోరే కావాలంటే సీ ఆప్షన్ ఇవ్వాలి.