ఈజీఆర్ వాల్వ్ మార్చేముందు ఇంట్లోనే పరీక్షించండి

ఎగ్జాస్ట్ గ్యాస్‌లో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేదే ఈజీఆర్ వాల్వ్. బండి కంప్యూటర్ చూపే పి0401 అనే లోపం కోడ్ కనిపించగానే కొత్త వాల్వ్ కొనేయకండి. ఇంజన్‌లోకి తిరిగి రావలసినంత ఎగ్జాస్ట్ గ్యాస్ రావడం లేదని మాత్రమే ఆ కోడ్ అర్థం. చాలాసార్లు వాల్వ్ బాగానే ఉంటుంది, గ్యాస్ వెళ్లే దారి మసితో పూడుకుపోయి ఉంటుంది.

ఈ పరీక్షలు వ్యాక్యూమ్‌తో (ఇంజన్ పీల్పుతో) తెరుచుకునే వాల్వ్ ఉన్న పెట్రోల్ ఇంజన్లకు. చేతితో నొక్కే వ్యాక్యూమ్ పంపు ఒకటి చాలు. బండి ఆరుబయటే ఉండాలి. మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

సమస్య: ఐడిల్‌లో వణుకు, ఆగిపోవడం, వేగం అందుకుంటే మామూలే

ఐడిల్‌లో మూసుకుని ఉండాల్సిన వాల్వ్ తెరుచుకుని ఉంది. వాల్వ్ మీది వ్యాక్యూమ్ గొట్టం లాగి, దాని చివర మూసేయండి. వణుకు తగ్గితే వాల్వ్ తప్పు కాదు. వేళకాని వేళ వ్యాక్యూమ్ పంపుతున్న సోలినాయిడ్‌నో (కరెంటుతో వ్యాక్యూమ్‌ను వదిలి, ఆపే స్విచ్), తప్పుగా కలిపిన గొట్టాన్నో చూడండి. తగ్గకపోతే సీటు (వాల్వ్ ఆనుకుని మూసుకునే చోటు) దగ్గర మసి పెచ్చు ఇరుక్కుని ఉండొచ్చు, వాల్వ్ విప్పండి.

సమస్య: ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ నాకింగ్ (టకటక చప్పుడు), పి0401

గ్యాస్ తిరిగి రాకపోతే సిలిండర్లో వేడి పెరుగుతుంది, అందుకే ఆ చప్పుడు. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, గొట్టం స్థానంలో పంపు తగిలించి 10 నుంచి 15 అంగుళాల వ్యాక్యూమ్ ఇవ్వండి.

ఇంజన్ తడబడినా, ఆగిపోయినా వాల్వ్, దారి రెండూ మంచివే. అప్పుడు గొట్టాన్ని అనుమానించాలి: 2,500 ఆర్‌పీఎం దగ్గర దాని చివర వేలు పెడితే పీల్పు తెలియాలి. తెలియకపోతే గొట్టం పగిలింది, లేదా సోలినాయిడ్ పనిచేయడం లేదు.

కాడ (వాల్వ్‌ను తెరిచే కడ్డీ) కదిలినా ఇంజన్‌లో మార్పు లేకపోతే దారి పూడింది. పంపు ముల్లు నిలవకుండా పడిపోతుంటే డయాఫ్రమ్ (వాల్వ్‌లోని రబ్బరు పొర) చిరిగింది, వాల్వ్ మార్చాల్సిందే. ఒక్క జాగ్రత్త: బ్యాక్ ప్రెషర్ రకం (ఎగ్జాస్ట్ ఒత్తిడిని బట్టి పనిచేసే) వాల్వ్ బాగున్నా ఐడిల్‌లో వ్యాక్యూమ్ నిలవదు. మీది ఏ రకమో సర్వీస్ మాన్యువల్‌లో చూశాకే తీర్పు చెప్పండి.

శుభ్రం చేయడం

ఇంజన్ పూర్తిగా చల్లారాక వాల్వ్ విప్పండి. సీటునూ కాడనూ కార్బ్ క్లీనర్‌తో, ఇత్తడి బ్రష్‌తో రుద్దండి. క్లీనర్ డయాఫ్రమ్‌కు తగిలితే రబ్బరు పాడవుతుంది. వాల్వ్ తళతళలాడించి మానిఫోల్డ్‌లోని (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల భాగంలోని) రంధ్రం వదిలేస్తే కోడ్ మళ్లీ వస్తుంది. అసలు మసి అక్కడే. వంచిన తీగతో గీకి, రాలిన మసిని వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగేయండి, లోపలికి నెట్టకండి. క్లీనర్ ఆరాక కొత్త గ్యాస్కెట్‌తో బిగించండి.

విద్యుత్ వాల్వ్‌కు ఈ పంపు పనికిరాదు. ఆదేశాలివ్వగల స్కాన్ టూల్‌తో ఐడిల్‌లో తెరిపించండి. తడబాటు అక్కడా కనిపించాలి.