ఎం.ఎస్.డబ్ల్యూ.లో హెచ్.ఆర్. స్పెషలైజేషన్: ఫ్యాక్టరీ ఫీల్డ్‌వర్క్ ఎలా చేయాలి

ఎం.ఎస్.డబ్ల్యూ. (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) రెండో ఏడాది హెచ్.ఆర్. (మానవ వనరులు) స్పెషలైజేషన్ తీసుకున్న విద్యార్థిని సాధారణంగా వారానికి రెండు రోజులు ఫ్యాక్టరీకి పంపిస్తారు. అక్కడ ఎక్కువమందికి దక్కేది హాజరు ఎంట్రీ, ఫైళ్లు సర్దడం, రెజ్యూమెలు వడపోయడం. సెమిస్టరు అయ్యేసరికి ఎక్సెల్ బాగా వస్తుంది, కేస్ వర్క్ (ఒక్కో మనిషి సమస్యపై విడిగా పనిచేయడం) ఒక్కటీ చేసి ఉండరు. ఆ పనులు ఎం.బి.ఏ. విద్యార్థి కూడా చేస్తాడు. మీరు చదువుతున్నది సోషల్ వర్క్ కాబట్టి ఫ్యాక్టరీలోనూ అదే చేయాలి. అది కుదరాలంటే మొదటి రోజుకు ముందే కొన్ని మాటలు తేల్చుకోవాలి.

డిపార్ట్‌మెంట్ ఇచ్చే ఉత్తరంతో పాటు ఒక పేజీ పని ప్రణాళిక తీసుకెళ్లండి. అందులో నాలుగు విషయాలు చాలు: రెండు కేస్ వర్కులు, ఒక గ్రూప్ వర్క్ (కొద్దిమందితో వరుస సమావేశాలు), సంక్షేమ సౌకర్యాల పరిశీలన, ఒక చిన్న అధ్యయనం. ఏజెన్సీ సూపర్‌వైజరుగా (ఫ్యాక్టరీ తరఫున మీ పని చూసే వ్యక్తిగా) రిక్రూట్‌మెంట్ చూసే వ్యక్తి కాకుండా, కార్మికుల సంక్షేమం చూసే వెల్ఫేర్ ఆఫీసరు ఉండేలా అడగండి. అందుకే 250 మందికి పైగా కార్మికులున్న ఫ్యాక్టరీని ఎంచుకోవడం మంచిది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ప్రకారం 250 మంది ఉన్న ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరు ఉండాలి. దానికి ముందున్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్‌లో ఈ సంఖ్య 500గా ఉండేది. పాఠ్యపుస్తకాల్లో పాత సంఖ్యే కనిపిస్తుంది కాబట్టి వైవాకు (మౌఖిక పరీక్షకు) రెండూ తెలిసి ఉండాలి.

మొదటి మూడు వారాలు ఎవరినీ ఇంటర్వ్యూ చేయకండి, తిరగండి. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర ఉండండి. క్యాంటీన్‌లో కార్మికులతో కూర్చుని తినండి. భోజనం ధర ఎంత, రాత్రి షిఫ్టు వాళ్లకు వేడి అన్నం దొరుకుతోందా, కాంట్రాక్టు కార్మికులకూ అదే రేటా అన్నది చూడండి. కొత్త కోడ్‌లో 100 మంది ఉంటే క్యాంటీన్ (పాత చట్టంలో 250 మందికి మించి), 50 మందికి మించి ఉంటే క్రెష్ (కార్మికుల చిన్నపిల్లలను చూసుకునే గది) తప్పనిసరి. క్రెష్ విషయంలో పాత చట్టం 30 మందికి మించి మహిళా కార్మికులు ఉన్నారా అని చూసేది, ఇప్పుడు మొత్తం కార్మికుల సంఖ్య చూడాలి. ఇక్కడ చాలామంది ఒక లెక్క తప్పుతారు. ఆఫీసు ఇచ్చే సంఖ్యలో రెగ్యులర్ వాళ్లే ఉంటారు. కాంట్రాక్టర్ల రిజిస్టర్లు కూడా అడిగి తీసుకుని కలపండి. 180 అని చెప్పిన చోట అసలు సంఖ్య దాని రెట్టింపు ఉండవచ్చు. పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ వంటి పారిశ్రామిక వాడల్లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లలో చాలామంది కాంట్రాక్టరు కిందే ఉంటారు.

కేసు ఎలా దొరుకుతుంది

ఫ్యాక్టరీ విభాగాల సూపర్‌వైజర్లు ‘సమస్య ఉన్న’ కార్మికుల జాబితా ఇస్తామంటారు. దాంతో మొదలుపెట్టకండి. ఆ జాబితా పట్టుకుని వెళ్లిన రోజు నుంచి మీరు మేనేజ్‌మెంట్ మనిషి అయిపోతారు, ఇక ఎవరూ నోరు విప్పరు. దాని బదులు టైమ్ ఆఫీసు (హాజరు నమోదయ్యే చోటు) పక్కన ఒక బల్ల వేసుకుని, వెళ్లిన ప్రతిరోజూ ఒక గంట పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) సందేహాలు తీర్చండి. ఆధార్‌లో ఒక పేరు, యూఏఎన్‌లో (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే శాశ్వత నంబరులో) ఇంకో పేరు ఉండటం, పాత కంపెనీ మానేసిన తేదీ నమోదు చేయకపోవడం, రెండు యూఏఎన్‌లు ఉండటం, నామినీ పేరు లేకపోవడం: రోజూ వచ్చే సమస్యలు ఇవే. ఈఎస్ఐలో నెలకు రూ. 21,000 వరకు జీతం ఉన్నవాళ్లు వస్తారు, జీతంలోంచి 0.75 శాతం కట్ అవుతుంది, యజమాని 3.25 శాతం కడతాడు. ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా ఉంటే జబ్బు చేసినప్పుడు ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. టీబీ వంటి దీర్ఘకాల జబ్బులకు, రెండేళ్లుగా బీమాలో ఉండి తగినంత చందా ఉన్నవాళ్లకు, 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా అందే ఏర్పాటు ఉంది. ఇది తెలియక జీతం లేని సెలవులో ఇంటికి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు.

పీఎఫ్ పేరు సరిదిద్దిన మనిషే తర్వాత అప్పు గురించో, తాగుడు గురించో, ఇంట్లో జబ్బు గురించో చెబుతాడు. కేస్ వర్క్ అక్కడ మొదలవుతుంది. ‘అన్నా’, ‘అక్కా’ అని పిలవండి, ‘మీరు’ అనే మాట్లాడండి, ఫారం ముందు పెట్టుకుని ప్రశ్నలు గుప్పించకండి. మొదటి సమావేశంలోనే గోప్యతకు ఉన్న హద్దు చెప్పేయండి: ప్రాణాపాయం ఉంటే దాచలేమని. మత్తులో ప్రెస్ మెషీన్ మీద పనిచేసే మనిషి విషయం దాచడం నమ్మకం కాదు, పక్కవాడి చేయి పోయే ప్రమాదం. తాగుడుకు ఉపన్యాసం పనికిరాదు. హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు, విశాఖలో అయితే ప్రభుత్వ మానసిక వైద్యశాలకు రెఫర్ చేసి, మొదటిసారి వెళ్లే రోజు సెలవు దొరికేలా చూడండి. రాత్రివేళ మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాసి ఇవ్వండి.

హెచ్.ఆర్. అడిగినప్పుడు సంఖ్యలు, సమస్యల రకాలు మాత్రమే చెప్పండి. రికార్డులో పేరు మార్చండి, ఎంప్లాయీ నంబరు రాయకండి, ఆ నోటుబుక్కు ఆఫీసు బల్ల మీద వదలకండి.

మహిళా కార్మికురాలు లైంగిక వేధింపు గురించి చెబితే మీరు విచారణకు దిగకూడదు. పది మంది, అంతకు మించి పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలై ఉండాలి, ఒక బయటి సభ్యుడు ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు. ఆమెకు ఈ గడువు చెప్పండి, కమిటీలో ఎవరున్నారో చూపించండి, రాయడం రాకపోతే కమిటీ సభ్యులే సాయం చేయాలని చెప్పండి. నిర్ణయం ఆమెది. ఆ రోజే మీ ఫ్యాకల్టీ సూపర్‌వైజరుకు, ఆమె పేరు లేకుండా, విషయం తెలియజేయండి.

గ్రూప్ వర్క్ సాధారణంగా ఒకే కారణంతో చెడుతుంది: సమయం. మధ్యాహ్నం రెండుకు ఎ షిఫ్టు దిగినవాళ్లు కంపెనీ బస్సు కోసం పరుగెత్తుతారు, మీ సమావేశానికి ఆగరు. అందుకే పని గంటల్లోనే 45 నిమిషాలు ఇవ్వమని ముందే రాతపూర్వకంగా అడగండి. కుదరకపోతే వలస కార్మికుల గదులకు ఆదివారం వెళ్లండి. 8 నుంచి 12 మంది, 6 నుంచి 8 సమావేశాలు సరిపోతాయి. హిందీ రాకపోతే వాళ్లలోనే ఒకరిని సాయం అడగండి, మేస్త్రీని మాత్రం వద్దు.

అధ్యయనానికి గైర్హాజరు మంచి అంశం. పోయిన పనిదినాలను రావాల్సిన పనిదినాలతో భాగించి వందతో గుణిస్తే శాతం వస్తుంది. 120 మంది, నెలకు 26 రోజులంటే 3,120 పనిదినాలు. 234 పోతే 7.5 శాతం. వారాంతపు సెలవులను లెక్కలో కలపకండి, మంజూరైన సెలవునూ చెప్పకుండా మానేసిన రోజునూ వేరుగా చూపండి. మొత్తం శాతం ఒక్కటే చెబితే ఏమీ తెలియదు. షిఫ్టు వారీగా, విభాగం వారీగా, రెగ్యులర్, కాంట్రాక్టు వారీగా విడదీయండి. జీతం పడిన మర్నాడు, సంక్రాంతి వారం, రాత్రి షిఫ్టు అయిన తర్వాతి రోజు విడిగా చూడండి. ప్రశ్నావళి సూపర్‌వైజరు కళ్లముందు నింపిస్తే అందరూ ‘తృప్తిగా ఉంది’ అనే టిక్కు పెడతారు, ఆ కాగితాలు పనికిరావు.

రికార్డు అదే సాయంత్రం రాయాలి. ‘కౌన్సెలింగ్ ఇవ్వడమైనది’ అని రాస్తే ఏమీ రాయనట్టే. ఆయన ఏమన్నారు, మీరు ఏమన్నారు, ఎక్కడ మౌనం వచ్చింది, అప్పుడు మీకు ఏమనిపించింది: వైవాలో పరీక్షకులు తిరగేసేది ఈ పేజీలే. సమ్మె మొదలైతే గేటుకు ఏ వైపూ నిలబడకండి, ఎవరి మాటా మరొకరికి మోయకండి, ఫ్యాకల్టీకి ఫోన్ చేసి వచ్చేయండి. డొమెస్టిక్ ఎంక్వైరీని (కార్మికుడిపై కంపెనీ జరిపే క్రమశిక్షణ విచారణను) ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే చూడండి.

ముగింపుకు కనీసం రెండు వారాల ముందు కేసుల్లో ఉన్నవాళ్లకు వెళ్లిపోయే తేదీ చెప్పండి. మిగిలిన పనులు, అంటే ఆగిన క్లెయిములు, తర్వాతి ఆసుపత్రి తేదీలు, కార్మికుడి అనుమతితో వెల్ఫేర్ ఆఫీసరుకు రాతపూర్వకంగా అప్పగించండి. పీఎఫ్, ఈఎస్ఐ బల్ల దగ్గర కూర్చోవడానికి యూనియన్ నుంచో టైమ్ ఆఫీసు నుంచో ఒకరిని ఒప్పించి, చివరి రెండు వారాలు మీ పక్కనే కూర్చోబెట్టుకుని పని నేర్పండి.