డ్యాష్‌బోర్డులో కనబడని షిఫ్ట్ లైట్: ఇంజెక్టర్ వైరు నుంచి ఎల్ఈడీ దాకా

షిఫ్ట్ లైట్ చేసే పని ఒక్కటే. ఇంజన్ మనం పెట్టిన ఆర్‌పీఎమ్‌కి (నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యకి) చేరగానే వెలిగి, పై గేరు వేయమని చెబుతుంది. రెడీమేడ్‌గా దొరికేవి చాలావరకు డ్యాష్‌బోర్డు మీద బుడిపెలా నిలబడతాయి, రాత్రి కళ్లలో కొడతాయి. ఇక్కడ చెప్పేది వేరే రకం. ఆరి ఉన్నప్పుడు అది ఎవరి కంటా పడదు, వెలిగితే డ్రైవరుకే కనిపిస్తుంది.

లెక్కలన్నీ నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్‌కి, అందులోనూ పోర్ట్ ఇంజెక్షన్ (ఇంజెక్టర్ పెట్రోల్‌ని నేరుగా సిలిండర్లోకి కాక, దాని ముందున్న గాలి దారిలో చల్లే పద్ధతి) ఉన్నదానికి వేసినవి. మారుతి స్విఫ్ట్‌లో వచ్చిన 1.2 లీటర్ కె సిరీస్ లాంటిదన్నమాట. డీజిల్ కార్లలో, డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో ఇంజెక్టర్లను నడిపే వోల్టేజి బ్యాటరీ కంటే చాలా ఎక్కువ. ఆ వైర్ల జోలికి వెళ్లకండి.

సిగ్నల్ ఎక్కడ పట్టుకోవాలి

పాత కార్లలో ఇగ్నిషన్ కాయిల్ నెగటివ్ దగ్గర పట్టుకునేవారు. ఇప్పుడు ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ ఉంటోంది, ఇగ్నైటర్ (కాయిల్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) కూడా దాని లోపలే. ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పంపేది చిన్న లాజిక్ సిగ్నల్, దాని నుంచి అదనంగా కరెంటు లాగితే మిస్‌ఫైర్ వస్తుంది. మీటరు వెనక టాకో (ఆర్‌పీఎమ్ చూపే ముల్లు) వైరు వెతుకుదామంటే, కొత్త కార్లలో ఆ సమాచారం క్యాన్ లైన్ (కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే ఉమ్మడి వైర్లు) మీద వెళ్తుంది, విడిగా వైరే ఉండదు.

ఓబీడీ పోర్టులో (ఇంజన్ సమాచారం చదివే సాకెట్లో) డాంగిల్ పెట్టడం అన్నిటికంటే తేలిక. వైరు కోయక్కర్లేదు, వారంటీ గొడవా ఉండదు. మైలేజీ కోసం 2000 దగ్గర గేరు మార్చుకునేవాళ్లకు అదే చాలు. కానీ చవక బ్లూటూత్ డాంగిళ్లు సెకనుకు కొన్ని రీడింగులే ఇస్తాయి. ఫస్ట్ గేరులో ఇంజన్ సెకనుకు 2000 ఆర్‌పీఎమ్ చొప్పున ఎగబాకుతుంటే, 200 మిల్లీసెకన్ల ఆలస్యమంటే 400 ఆర్‌పీఎమ్ తేడా. రెడ్‌లైన్ (ఇంజన్ దాటకూడని ఆర్‌పీఎమ్) దగ్గర ఆ తేడా పనికిరాదు.

అందుకే మా ఓటు ఇంజెక్టర్ వైరుకే. సీక్వెన్షియల్ ఇంజెక్షన్‌లో (ఇంజెక్టర్లు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకునే పద్ధతిలో) ఒక ఇంజెక్టర్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తెరుచుకుంటుంది. అంటే ఆర్‌పీఎమ్‌ని 120తో భాగిస్తే హెర్ట్జ్: 6000 దగ్గర 50 హెర్ట్జ్, పల్సుకీ పల్సుకీ మధ్య 20 మిల్లీసెకన్లు.

కావలసిన సామాను

ఆర్డునో నానో (ప్రోగ్రాము రాసుకోగల చిన్న బోర్డు) ఒకటి, పీసీ817 ఆప్టోకప్లర్ (వైరు కలపకుండా వెలుగు ద్వారా సిగ్నల్ దాటించే చిప్) ఒకటి, 12 వోల్టులను 5 వోల్టులకు దించే చిన్న బక్ మాడ్యూల్, 1ఎన్4007 డయోడ్లు రెండు, 1ఎన్4148 ఒకటి, పీ6కేఈ18ఏ సర్జ్ డయోడ్ ఒకటి. రెసిస్టర్లలో 2.2 కిలో ఓమ్, 4.7 కిలో ఓమ్, 220 ఓమ్ ఒక్కొక్కటి, 10 కిలో ఓమ్ రెండు. 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీ, క్లియర్ లెన్స్, ఇరుకు కోణం ఉన్నది. ఫ్యూజ్ ట్యాప్ (ఉన్న ఫ్యూజు స్లాటు నుంచి ఇంకో లైను తీసే సాకెట్), 2 యాంపియర్ల ఫ్యూజు, హీట్ ష్రింక్, గుడ్డ టేపు. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతి గల్లీలో ఒక్క తిరుగుడులో అన్నీ దొరుకుతాయి.

ఎల్ఈడీ రంగు ఎరుపే కావాలని పట్టుబట్టకండి. రోడ్డు మీద చూపు ఉండగా లైటు కంటి అంచున పడుతుంది, అక్కడ ఎరుపు బాగా మసకగా కనిపిస్తుంది. పైగా మీటరులో తీవ్రమైన వార్నింగు లైట్లు ఎరుపులోనే ఉంటాయి. కాషాయం మేలు.

ఇంజెక్టర్ వైరు

ఇంజెక్టర్ కనెక్టరులో రెండు వైర్లు. ఒకటి 12 వోల్టుల సరఫరా, రెండోది ఈసీయూ గ్రౌండు చేసేది. మనకు కావలసింది రెండోది. కనెక్టర్ తగిలించి ఉండగా కొలిస్తే రెండు వైపులా 12 వోల్టులే చూపించి బోల్తా కొట్టిస్తుంది, కాయిల్ గుండా కరెంటు అవతలికి కూడా చేరుతుంది కాబట్టి. ఇంజన్ ఆపి, కనెక్టర్ ఊడదీసి, అప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేసి హార్నెస్ (కారు వైర్ల కట్ట) వైపు కొలవండి. 12 వోల్టులు చూపించనిదే మన వైరు. చెక్ ఇంజన్ లైటు వస్తే కంగారు పడకండి, కోడ్ చెరిపేస్తే పోతుంది.

ఇప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఆ వైరు ఇన్సులేషన్‌ని ఒక సెంటీమీటరు మేర ఒలిచి, తీగలు తెగకుండా కొత్త వైరు చుట్టి సోల్డర్ చేయండి. నొక్కితే కొరికి పట్టే నీలం క్లిప్పులు వాడొద్దు. ఇంజన్ వేడికి, అదురుకు ఆరు నెలల్లో వదులవుతాయి, అసలు వైరు తీగల్నీ కోసేస్తాయి.

ఈ పని మొత్తంలో తప్పకుండా పాటించాల్సింది ఇది: 2.2 కిలో ఓమ్ రెసిస్టర్‌ని క్యాబిన్‌లో కాదు, సోల్డర్ చేసిన చోటికి రెండు మూడు సెంటీమీటర్ల లోపే పెట్టాలి. ఎందుకంటే కొత్త వైరు ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకు) దాటి లోపలికి వస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు రేకు అంచుకు రాసుకుని బాడీకి తగలొచ్చు. రెసిస్టర్ లేకపోతే ఆ క్షణం నుంచి ఇంజెక్టర్ తెరిచే ఉండిపోతుంది, సిలిండర్లోకి పెట్రోల్ ధారగా పడుతుంది, ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. మొదట్లోనే రెసిస్టర్ ఉంటే తగిలినా పారేది ఆరేడు మిల్లీయాంపియర్లు. ఇంజెక్టర్ కదలదు, లైటు మాత్రం పనిచేయదు. రెసిస్టర్‌ని రెండు పొరల హీట్ ష్రింక్‌తో కప్పి, ఉన్న హార్నెస్‌కే కట్టి, ఉన్న రబ్బరు గ్రామెట్ గుండానే వైరు లోపలికి లాగండి.

లోపలి సర్క్యూట్

ఫ్యూజ్ బాక్సులో ఇగ్నిషన్ వేస్తేనే కరెంటు వచ్చే స్లాటు చూసుకోండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఫ్యూజులు ముట్టుకోవద్దు. ట్యాప్‌లో అసలు ఫ్యూజు అలాగే ఉంచి, పక్క గదిలో 2 యాంపియర్లది పెట్టండి. ఆ వైరు ఒక 1ఎన్4007 గుండా బక్ మాడ్యూల్‌కి వెళ్తుంది. డయోడు దాటాక ప్లస్‌కీ గ్రౌండుకీ మధ్య సర్జ్ డయోడు, దాని గీత ప్లస్ వైపు. మాడ్యూల్‌ని ముందే 5 వోల్టులకు సరిచేశాక నానో 5వీ పిన్నుకు కలపండి. నానో సొంత రెగ్యులేటర్‌కి 14 వోల్టులు ఇస్తే ఎండాకాలం డ్యాష్‌బోర్డు వెనక ఉడికిపోతుంది.

అదే 12 వోల్టుల నుంచి రెండో 1ఎన్4007, ఆప్టోకప్లర్ ఒకటో కాలు. రెండో కాలికి ఇంజెక్టర్ నుంచి వచ్చిన వైరు. ఈ రెండు కాళ్ల మధ్య 1ఎన్4148 తిరగేసి, అంటే గీత ఒకటో కాలి వైపు. ఇంజెక్టర్ మూసుకునేటప్పుడు కొట్టే వోల్టేజి నుంచి కాపాడేవి ఈ రెండు డయోడ్లే. మూడో కాలు గ్రౌండు, నాలుగోది నానో డీ2 పిన్నుకి. డీ2 నుంచి 5 వోల్టులకు 10 కిలో ఓమ్.

పార్కింగ్ లైటు ఫ్యూజు నుంచి ఇంకో వైరు తెచ్చి, 10 కిలో ఓమ్ గుండా డీ4కి ఇవ్వండి, డీ4 నుంచి గ్రౌండుకి 4.7 కిలో ఓమ్, దానికి సమాంతరంగా కెపాసిటర్. రాత్రి అయిందని నానోకి తెలిసేది దీనివల్లే. ఎల్ఈడీ డీ9 నుంచి 220 ఓమ్ గుండా.

ప్రోగ్రాములో ఏముండాలి

పల్సుల మధ్య సమయాన్ని మైక్రోసెకన్లలో కొలవండి. 12 కోట్లను దానితో భాగిస్తే ఆర్‌పీఎమ్. 10 మిల్లీసెకన్ల కంటే తక్కువ వచ్చినదాన్ని పారేయండి, అది నాయిస్. యాక్సిలరేటర్ గబుక్కున తొక్కితే ఈసీయూ మధ్యలో అదనపు పల్సు వేయొచ్చు. అందుకని వరసగా మూడు కొలతలు హద్దు దాటితేనే వెలిగించండి. వెలిగేది 5600 అయితే ఆరేది 5450 ఉండాలి, లేకపోతే హద్దు దగ్గర పిచ్చిగా మిణుకుతుంది. రెవ్ లిమిటర్ (ఇంజన్ మరీ వేగంగా తిరగకుండా ఈసీయూ పెట్టే హద్దు) తగిలితే ఈసీయూ ఇంజెక్టర్లనే ఆపుతుంది, పల్సు రాదు, సరిగ్గా అవసరమైనప్పుడే లైటు ఆరిపోతుంది. దీనికి విరుగుడుగా వెలిగాక కనీసం 300 మిల్లీసెకన్లు నిలపండి. వెలుగు (0 నుంచి 255 దాకా ఉండే స్కేలు మీద) పగలు 255, రాత్రి 15 నుంచి 20. నిలకడ వెలుగు కంటే సెకనుకు 8 సార్లు మినుకుమంటే కంటి అంచుకు త్వరగా తగులుతుంది.

5600 ఎందుకంటే, ఈ ఇంజన్ గరిష్ఠ శక్తి 6000 దగ్గర. లైటు చూసి కాలు కదిపేసరికి పావు సెకను పోతుంది, ఫస్ట్‌లో అది నాలుగైదు వందల ఆర్‌పీఎమ్. పై గేర్లలో ఇంజన్ నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి లైటు కాస్త ముందే వచ్చినట్టు అనిపిస్తుంది, అదేం తప్పు కాదు.

ఎల్ఈడీ ఎక్కడ

స్టీరింగ్ పక్కన ఖాళీ స్విచ్ బిళ్ల చూడగానే అక్కడ పెట్టాలనిపిస్తుంది. అది మోకాలి ఎత్తులో ఉంటుంది, చూపుకు అందదు. సరైన చోటు మీటరు మీద గొడుగులా ఉండే హుడ్ లోపలి అంచు. ఫ్రేము ఊడదీసి, వెనక చెక్కముక్క ఆనించి, ముందు 2 మిల్లీమీటర్ల బిట్టుతో, తర్వాత 5తో నెమ్మదిగా రంధ్రం చేయండి. ఎల్ఈడీని వెనక నుంచి దూర్చి, 2 మిల్లీమీటర్లు లోపలికే ఉంచి, మీ కళ్లకు గురిపెట్టి ఆపండి. రంధ్రం ముందు చిన్న నల్లటి సన్ ఫిల్మ్ ముక్క అతికిస్తే ఆరినప్పుడు అక్కడేమీ లేనట్టే. జిగురు పెట్టే ముందు రాత్రి పూట సీట్లో కూర్చుని వెలిగించి, ముందు అద్దంలో ప్రతిబింబం పడుతుందేమో చూడండి.

మొదటి పరీక్షకు హద్దు 2500 పెట్టి, న్యూట్రల్‌లో టాకో ముల్లుతో పోల్చండి. సగం ఆర్‌పీఎమ్‌కే, అంటే 1250 దగ్గరే, వెలిగితే మీ ఇంజన్‌లో ఇంజెక్టర్లు జంటగా, చుట్టుకొకసారి తెరుచుకుంటున్నాయని అర్థం. 12 కోట్ల బదులు 6 కోట్లు వాడండి.

సీఎన్‌జీ కిట్టు ఉంటే గ్యాస్ మీద నడిచేటప్పుడు పెట్రోల్ ఇంజెక్టర్లకు సిగ్నల్ వెళ్లదు. వైరుని ఇంజెక్టర్ దగ్గర కాకుండా, సీఎన్‌జీ కిట్టు వైరింగ్ కలిసే చోటుకు ముందు, ఈసీయూ వైపు పట్టుకోండి.