పదిమంది పనిచేసే చోట మనుషుల్ని ఎలా నడపాలి? బరంపురం గోడౌన్ లెక్కలో కొంచెం మేనేజ్‌మెంట్

ఒడిశాలో బరంపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్ళు పెట్టుకున్న షాపులు, గోడౌన్లు, చిన్న మిల్లులు చూడండి, సరుకు సంగతి వాళ్ళకి తెలియంది ఉండదు, ఏ నెలలో కందిపప్పు పెరుగుతుందో ఏ పార్టీ చెక్కు వెనక్కొస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తారు, కానీ పనిలో మనిషి నిలబడడు. ఒకడు మానేస్తాడు, ఉన్నోడు ముఖం మాడ్చుకుని తిరుగుతాడు, ఓనరేమో "ఈ కాలం కుర్రాళ్ళకి ఒళ్ళు వంగదండి" అనేసి మళ్ళీ ఇంకొకడ్ని వెతుక్కుంటాడు. ఎంబీఏలో ఆర్గనైజేషనల్ బిహేవియర్ అని ఒక సబ్జెక్టు ఉంది, పనిచేసే చోట మనిషి ఎందుకలా ఉంటాడు అన్నదే అందులో విషయమంతా. దాంట్లోంచి పది పదిహేనుమంది ఉన్న చోట పనికొచ్చేవే ఏరి, ఏది ముందో ఏది తర్వాతో చెప్తున్నా. నాకు బాగా తెలిసింది కిరాణా హోల్‌సేల్ గోడౌన్ కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే.

మొదలెట్టే ముందు ఒక్క విషయం. కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్టు 1936లోనే చెప్పాడు, మనిషి ప్రవర్తన అనేది అతని స్వభావం, చుట్టూ ఉన్న పరిస్థితి రెండూ కలిస్తే వచ్చేదని. మనం ఎప్పుడూ స్వభావం దగ్గరే ఆగిపోతాం, వాడు బద్ధకస్తుడు, వీడు దొంగబుద్ధి, ఐపోయింది. స్వభావం మార్చడం వాళ్ళమ్మానాన్నల వల్లే కాలేదు మీవల్లేం అవుతుంది, కానీ పరిస్థితి అంటారా, అది మొత్తం మీరు పెట్టిందే.

1. కొన్నాళ్ళు ఏదీ మార్చకుండా చూడండి

చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. పని ఎక్కడ ఆగుతోంది, ఎవరు ఎవర్ని అడుగుతున్నారు, ఎవరు ఎవరితో కూర్చుని తింటున్నారు, ఇవి రాసుకోండి చాలు. బోర్డు మీద ప్రొప్రయిటర్ పేరు ఒకటుంటుంది గానీ లారీ ఎన్నింటికి ఖాళీ అవ్వాలో తేల్చేది కళాసీల మేస్త్రి. ఇలాంటి కనపడని పెత్తనాన్నే ఇన్‌ఫార్మల్ ఆర్గనైజేషన్ అంటారు.

దీనిమీద బాగా పేరున్న కథ అమెరికాలో చికాగో పక్కన హాథార్న్ ఫ్యాక్టరీది. 1924లో లైటు వెలుగు పెంచితే పని పెరుగుతుందా అని మొదలెట్టారు, తర్వాత హార్వర్డ్ ప్రొఫెసరు ఎల్టన్ మేయో వాళ్ళు చేరారు, అలా 1932 దాకా సాగింది. జనం లైటు పెంచినా తగ్గించినా పని పెరిగిందన్న కథే చెప్పుకుంటారు, దానిమీద తర్వాత చాలా విమర్శలొచ్చాయి కూడా. నాకైతే చివర్లో జరిగిందే అసలు విషయం అనిపిస్తుంది: 14మంది మగవాళ్ళని ఒక గదిలో కూర్చోబెట్టి వైరింగ్ పని చేయిస్తూ గమనించారు. ఎక్కువ చేస్తే ఎక్కువ డబ్బులని కంపెనీ చెప్పినా వాళ్ళలో వాళ్ళే రోజుకి ఇంతే అని ఒక లెక్క పెట్టుకున్నారు, దాటినోడి భుజం మీద ఒక గుద్దు.

మన దగ్గరా అంతే కదా. కొత్తగా చేరిన కుర్రాడు హుషారుగా బస్తాలు మోసేస్తుంటే మేస్త్రి పక్కకి పిలిచి "ఏరా, రేపట్నుంచి అందర్నీ ఇలాగే మొయ్యమంటారు, మా కడుపు కొడతావేటి" అంటాడు. మర్నాటి నుంచి కుర్రాడూ నెమ్మదిస్తాడు. దూరంనుంచి చూసిన ఓనరుకి అది బద్ధకం. అసలు అక్కడున్నది భయం, స్పీడు పెరిగితే రేటు తగ్గించేస్తారనో ఇద్దర్ని తీసేస్తారనో. ఇక్కడ మీరు చెయ్యాల్సింది కుర్రాడ్ని తిట్టడం కాదు, మేస్త్రిని కూర్చోబెట్టి బస్తా రేటు ఏడాదిపాటు తగ్గించం, ఎవర్నీ తియ్యం అని నలుగురి ముందు చెప్పడం. చెప్పాక ఆ మాట తప్పకూడదు మరి.

2. ఒక మనిషికి ఒక్కరే పని చెప్పాలి

హెన్రీ ఫాయోల్ అని ఫ్రాన్స్‌లో మైనింగ్ ఇంజనీరు, గనుల కంపెనీ నడిపినాయన, 1916లో మేనేజ్‌మెంటుకి 14 సూత్రాలు రాశాడు. అందులో ఒకటి యూనిటీ ఆఫ్ కమాండ్, అంటే ఒక ఉద్యోగికి ఆర్డరు వేసేది ఒక్కరే ఉండాలి. చదివితే ఇదేం పెద్ద విషయం అనిపిస్తుంది, మన ఫ్యామిలీ బిజినెస్‌లో మాత్రం దీన్ని గంటకోసారి తొక్కేస్తారు.

పొద్దున్న పెద్దాయన వచ్చి ఛత్రపురం లోడు ముందు ఎక్కించమంటాడు. పదింటికి కొడుకు బైకు దిగి అది ఆపు, ఆస్కా పార్టీ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు అది పంపు అంటాడు. సగం ఎక్కాక బావగారు వచ్చి ఆ కుర్రాడ్నే తన ఇంటికి గ్యాస్ సిలిండర్ మార్చడానికి పంపుతాడు. సాయంత్రం రెండు లోడ్లూ అక్కడే ఉంటాయి, ముగ్గురూ కలిసి తిట్టేది మాత్రం కుర్రాడ్ని. వాడేం చెయ్యాలండి, ముగ్గురూ బాసులే, ఎవరికి కాదంటే ఎవరికి కోపమో!

గోడౌన్ పని ఒకరు, బిల్లింగు, వసూళ్ళు ఇంకొకరు అని ఇంట్లోనే పంచుకోండి. పంచుకున్నది స్టాఫందరి ముందు చెప్పండి. మిగతావాళ్ళకి ఏదైనా అర్జెంటైతే కుర్రాడికి కాదు, గోడౌన్ చూసే మనిషికి చెప్పాలి. బావగారికి ఇది చెప్పడం కష్టమే ఒప్పుకుంటా, పండక్కి కొత్తబట్టలు పెట్టినప్పుడు నెమ్మదిగా చెప్పుకోండి.

3. చెప్పింది చేరిందో లేదో చూసుకోండి

మా వైపు ఒక్క గోడౌన్‌లోనే తెలుగు, ఒడియా రెండూ నడుస్తాయి, రాయగడ వైపైతే కుయి అనే గిరిజన భాష మాట్లాడేవాళ్ళూ ఉంటారు. మీరు ఏదో చెప్తారు, అవతలోడు ఒడియాలో "హఁ ఆజ్ఞా" (అలాగేనండి) అంటాడు, మీరు వెళ్ళిపోతారు. ఆ హఁ లో అర్థమైందని ఎంతో, ఓనర్ని రెండోసారి అడగడానికి మొహమాటం ఎంతో తెలీదు. అందుకే అర్థమైందా అని అడగొద్దు, ఏం చేస్తావో ఓసారి చెప్పు అనండి. వాడి నోటితో తిరిగి చెప్పినప్పుడే తేడా బయటపడుతుంది. కమ్యూనికేషన్ పాఠాల్లో ఫీడ్‌బ్యాక్ అనేది దీన్నే.

రెండోది, కారణం చెప్పండి. ఇచ్ఛాపురం మనకి ఆస్కా కన్నా దగ్గర, కానీ ఆంధ్రా. అక్కడికి బిల్లు కొడితే ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకానికి పడే జీఎస్టీ), ఆస్కాకైతే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (కేంద్రం వాటా, రాష్ట్రం వాటా) రెండుగా పడాలి, పైగా బోర్డరు దాటే సరుకు 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసుకునే కాయితం) ఉండాల్సిందే. కొత్త బిల్లింగు అబ్బాయికి "ఇచ్ఛాపురం వాళ్ళకి వేరేగా కొట్టు" అని మాత్రమే చెప్తే రేపు పలాస పార్టీ వచ్చినప్పుడు ఒడిశా బిల్లే కొడతాడు, ఎందుకంటే మీరు ఊరి పేరు చెప్పారు గానీ రాష్ట్రం మారితే టాక్స్ మారుతుందని చెప్పలేదు. రెండు నిమిషాలు ఎక్కువ పెడితే ఆ తప్పు మళ్ళీ రాదు.

4. డబ్బు సంగతి

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే సైకాలజిస్టు అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో 200మంది దాకా ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ మీకు పనిలో ఎప్పుడు బాగా అనిపించింది, ఎప్పుడు చిరాకేసింది అని అడిగి 1959లో ఒక లెక్క తేల్చాడు. చిరాకు తెప్పించేవి వేరు, హుషారు తెప్పించేవి వేరు. జీతం, వసతులు, పై మనిషి తీరు సరిగ్గా లేకపోతే చిరాకు, ఉంటే చిరాకు పోతుంది అంతే. హుషారు రావాలంటే పనిలో ఎదుగుదల, మెచ్చుకోలు, బాధ్యత కావాలి. కాబట్టి టైముకి జీతం, తాగే నీళ్ళు, ఫ్యాను, ప్యాకింగులో ఆడవాళ్ళుంటే శుభ్రమైన బాత్రూం, ఇవి ముందు పెట్టండి, ఇవి లేకుండా బెస్ట్ ఎంప్లాయీ ఫోటో గోడకి పెట్టినా నవ్వుకుంటారు. (పదిమంది, అంతకన్నా ఎక్కువ ఉంటే లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ప్రకారం లోపల కమిటీ కూడా వెయ్యాలి, చిన్న షాపుల్లో చాలామందికి ఈ సంగతే తెలీదు.)

జీతం ఎంత అన్నదానికన్నా పక్కవాడికెంత అన్నది ఎక్కువ మండుతుంది. జాన్ స్టేసీ ఆడమ్స్ అనే సైకాలజిస్టు 1963లో చెప్పిన ఈక్విటీ సిద్ధాంతం ఇదే, నేను పెట్టిన కష్టానికి నాకొచ్చింది, వాడి కష్టానికి వాడికొచ్చింది, ఈ రెంటినీ మనిషి తూకం వేసుకుంటూనే ఉంటాడు. తేడా ఉంటే పని తగ్గిస్తాడు, లేకపోతే మానేస్తాడు.

గొడవ ఎక్కువ వచ్చేది జీతం దగ్గర కూడా కాదు, అడ్వాన్సుల దగ్గర. మా బరంపురంలో రెండేళ్ళకోసారి ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి జాతర నెలపాటు జరుగుతుంది, అప్పుడు అందరికీ చేతిలో డబ్బు కావాలి. ఓనరు ఒకడికి చాటుగా ఐదువేలిస్తాడు, ఇంకొకడికి చేతులెత్తేస్తాడు. చాటుగా ఇచ్చింది టీకొట్టు దగ్గర సాయంత్రానికే తెలిసిపోతుంది, ఇంక ఆ రెండోవాడి మనసు పనిలో ఉంటుందా? ఒక రూలు రాసి గోడకి అంటించండి: ఆరు నెలలు దాటినోళ్ళకి నెల జీతంలో సగం దాకా అడ్వాన్సు, ఇన్ని కోతల్లో తీరాలి, పాతది తీరకుండా కొత్తది లేదు. ఆస్పత్రి ఖర్చు వస్తే అది వేరే ఖాతా. ఎంత ఇవ్వాలో మీ ఇష్టం, కానీ అందరికీ ఒకటే కొలత.

5. సెలవుల పట్టీ ముందే వెయ్యండి

మనకి సంక్రాంతి, ఒడియావాళ్ళకి జూన్ మధ్యలో మూడ్రోజుల రొజొ పండగ, పల్లె నుంచి వచ్చేవాళ్ళకి ఊడ్పులు, కోతలు. మనకున్న ఈ తేడా నిజానికి అదృష్టం, సంక్రాంతికి వాళ్ళు చూస్తారు, రొజొకి మనం చూస్తాం. ముందునెలే పేపరు మీద రాసి పెడితే చెప్పకుండా మానేయడాలు చాలా తగ్గుతాయి. ఎవరు ఎప్పుడన్నది మీరు తేల్చకండి, వాళ్ళనే కూర్చుని తేల్చుకోమనండి, వాళ్ళు ఒప్పుకున్నది వాళ్ళే నిలబెడతారు.

6. మనోళ్ళు, వాళ్ళోళ్ళు అని రెండు గుంపులు అయితే

ముజఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్టు 1954లో అమెరికా ఓక్లహోమాలో ఒక క్యాంపులో పిల్లల్ని రెండు జట్లు చేసి పోటీలు పెట్టాడు, కొన్నిరోజులకే జెండాలు తగలబెట్టుకునే దాకా వెళ్ళారు. కలిపి భోజనం పెడితే కంచాల్లోవి విసురుకున్నారు! చివరికి తగ్గింది ఎప్పుడంటే, నీళ్ళ సరఫరా ఆగిపోయి, ట్రక్కు మొరాయించి, రెండు జట్లూ కలిస్తే తప్ప జరగని పనులు వచ్చినప్పుడు.

కాబట్టి గొడవలొస్తున్నాయని ఊరికే పిక్నిక్‌కి గోపాల్‌పూర్ బీచికి తీసుకెళ్తే అక్కడా రెండు గుంపులుగానే కూర్చుంటారు. తెలుగు మనిషిని, ఒడియా మనిషిని జతగా వేసి ఒక రూటు మొత్తం అప్పజెప్పండి, లోడింగు నుంచి వసూలు దాకా, ఇన్సెంటివ్ ఇద్దరికీ కలిపే. మొదట్లో సణుగుతారు. బ్రూస్ టక్‌మన్ అనే సైకాలజిస్టు 1965లో రాసినట్టు ఏ టీమైనా చేరిన కొత్తలో మర్యాద, తర్వాత గొడవ, ఆ తర్వాతే ఒక పద్ధతి, అప్పుడు పని. గొడవ దశలోనే జతని విడదీసేస్తే మళ్ళీ మొదటికే వస్తారు, కొంచెం ఓపిక పట్టండి (చేతులు చేసుకునేదాకా వస్తే మాత్రం ఆ రోజే విడదియ్యండి).

7. మానేసేవాడితో మాట్లాడండి

దీన్ని దాదాపు ఎవరూ చెయ్యరు. మానేస్తానన్న రోజునే ఆఖరి జీతం లెక్క తేల్చి చేతిలో పెట్టండి, తర్వాత రా చూద్దాం అని తిప్పకండి, ఆ వార్త మార్కెట్టంతా తిరిగి రేపు మీ దగ్గరికి వచ్చేవాడు కూడా రాడు. డబ్బులిచ్చాకే ఎందుకు మానేస్తున్నావని అడగండి, ముందు అడిగితే అంతా బాగుందండి ఇంట్లో ఇబ్బంది అంటాడు. ఓనరు కాకుండా పాత గుమస్తా అడిగితే ఇంకా మంచిది, ఆయనకైతే నిజం చెప్తాడు. చెప్పింది నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయండి. ముగ్గురు మానేసినోళ్ళు ఒక్కడి పేరే చెప్పారనుకోండి, ఆ ఒక్కడు మీ బావగారైనా సరే, ఆ సాయంత్రమే కూర్చుని మాట్లాడండి.